ఏఎఫ్ఎమ్ స్పీడు పెంచితే ఇమేజ్‌లో అలలు

ప్రశ్న: మా ల్యాబ్ ఏఎఫ్ఎమ్‌లో (సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి ఇమేజ్ తీసే మైక్రోస్కోపు) ఒక్క ఫ్రేమ్‌కి 4 నిమిషాలు పడుతోంది, స్పీడు పెంచితే ప్రతి లైను మొదట్లో అలలు వస్తున్నాయి. చిన్న కాంటిలివర్ (ఆ మొన ఉండే సన్నని పట్టీ) కొంటే పోతాయా?

జవాబు: పోవు బ్రో. లైను మొదట్లోనే అంటే స్కానర్ (శాంపిల్‌ని అటూఇటూ కదిలించే భాగం) ఊగుతోంది, దాన్ని నడిపే త్రిభుజాకారపు సిగ్నల్ వెనక్కి తిరిగేచోట కుదుపు తగులుతుంది. ఆ మలుపుని గుండ్రంగా చేసి చూడు.

జవాబు: జపాన్‌లోని కనజావాలో తోషియో ఆండో బృందం జెడ్ పీజోకి (వోల్టేజీ ఇస్తే శాంపిల్‌ని పైకీ కిందికీ కదిలించే ముక్క) వెనకవైపు అలాంటిదే ఇంకోటి పెట్టి ఎదురు దిశలో కదిలించింది, కుదుపులు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కాంటిలివర్ 10 మైక్రాన్ల లోపే. 2010లో మయోసిన్-5 (కణాల్లో నడిచే ప్రోటీన్) నడకని వీడియో తీసింది అలాంటి పరికరంతోనే.

ప్రశ్న అడిగినవారు: గుండ్రం చేశా, సగం తగ్గాయి. శాంపిల్ డిస్కు తూచా, పీజో కంటే బరువుంది, నవ్వకండి.

జవాబు: నవ్వేశాం! ఆ డిస్కు బదులు 2 మిల్లీమీటర్ల తేలికైన మైకా (అభ్రకం) బిళ్ల అతికించు, చాలు.