నల్లజాతి క్వియర్ కళాకారుల సహాయ నిధులు: డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఎలా పంచుతారు?

పద్మజ_వి:
న్యూయార్క్‌లో నల్లజాతి క్వియర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి) కళాకారులు అద్దెకూ వైద్యానికీ ఒకరినొకరు ఆదుకునే పద్ధతుల మీద వ్యాసం రాస్తున్నాను. సంఘీభావం గురించి రాసినవి బోలెడు దొరికాయి, లెక్కలు మాత్రం ఎక్కడా లేవు. డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? ముందు ఎవరికి ఇస్తారు? చాలా నిధులు ఏడాది తిరక్కుండా ఎందుకు ఆగిపోతాయి?

కృష్ణాతీరం:
పద్మజ గారూ, దీని మూలం న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో జరిగిన రెంట్ (అద్దె) పార్టీల్లో ఉంది, అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. 1920ల్లో అక్కడి నల్లజాతి కుటుంబాలు హెచ్చు అద్దెలు కట్టలేక, శనివారం రాత్రి సామాను ఓ మూలకు నెట్టి, పియానో వాయించేవాళ్లను పిలిచి, గుమ్మం దగ్గరే తలా కొన్ని సెంట్లు వసూలు చేసేవి. జేబులో పట్టేంత అచ్చు కార్డే ఆహ్వానం. పైన ప్రాస కట్టిన రెండు పంక్తులు, కింద చిరునామా, తేదీ. చాలా కార్డుల మీద అద్దె ఊసే ఉండదు, ‘సోషల్ విస్ట్ పార్టీ’ అని పేకాట పేరు వేసేవాళ్లు. అంటే వచ్చినవాళ్లు దానం ఇస్తున్నట్టు కాదు, పాటకు టికెట్టు కొంటున్నట్టు. మగవాళ్ల టక్సీడో వేసుకుని పాడిన గ్లాడిస్ బెంట్లీ ఇలాంటి పార్టీల్లోనూ పాడింది. 2019లో మొదలైన ‘ఫర్ ద గ్వర్ల్స్’ అనే బృందం కూడా ఇదే దారిలో పార్టీలు పెట్టి, నల్లజాతి ట్రాన్స్ మనుషుల అద్దెకూ సర్జరీలకూ డబ్బు సమకూరుస్తోంది.

లెక్కల_శారద:
ఆగిపోవడం గురించి. పోగవడం కన్నా పంచడం దగ్గరే ఎక్కువ నిధులు కూలతాయి. నిధిలో 3,000 డాలర్లుంటే, మనిషికి 300 అని ముందే ప్రకటించి, పదిమందికి ఇచ్చి, సాయం కోరేవాళ్లు నింపే ఫారాన్ని ఆ రోజే మూసేయాలి. ఖాళీ నిధికి ఫారం తెరిచి ఉంచితే వందల అభ్యర్థనలు వచ్చి పడతాయి, జవాబు చెప్పలేక నడిపేవాళ్లు తప్పుకుంటారు.

ఫారంలో ఎంత కావాలి, ఎప్పటిలోగా, ఎవరికి పంపాలి అన్నవి చాలు. కష్టం రుజువు చేయమని అడగొద్దు, అది అవమానం. అయితే పేరు మాత్రం రెండు గడుల్లో అడగాలి: పిలిచే పేరు, బ్యాంకులో ఉన్న పేరు. ట్రాన్స్ కళాకారులకు ఈ రెండూ కలవకపోతే చెల్లింపు మధ్యలోనే ఆగిపోతుంది. రెండో గడి డబ్బు పంపే మనిషి ఒక్కరికే కనబడాలి.

ఆన్‌లైన్ చందా వేదికల కోత కూడా చూసుకోండి. గోఫండ్‌మీలో ప్రతి చందాకూ 2.9 శాతం, పైన 30 సెంట్లు పోతాయి. వందమంది పదేసి డాలర్లిస్తే 59 డాలర్లు పోతాయి, పదిమంది వందేసి ఇస్తే 32. అందుకే చిన్న చందాలు పార్టీ గుమ్మం దగ్గర నగదుగా తీసుకోవడమే మేలు. నగదును ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. ఎంత నమ్మకస్తులైనా ఒక్కరి సొంత ఖాతాలో నిధి పెట్టొద్దు. వాళ్ల ఖాతా స్తంభిస్తే అందరి అద్దే ఆగుతుంది.

పద్మజ_వి:
సూసూ అన్న మాట తరచూ వింటున్నాను. అది మన చిట్టీ లాంటిదేనా?

లెక్కల_శారద:
పాట తీసేసిన చిట్టీ అండీ. పశ్చిమ ఆఫ్రికా నుంచి కరీబియన్ మీదుగా వచ్చింది. పదిమంది నెలకు వందేసి వేస్తే, ప్రతి నెలా ఒకరు నిండుగా 1,000 అందుకుంటారు. తగ్గించి పాడుకోవడం ఉండదు. మొదటి వంతు తీసుకున్నవాళ్లు ఎగ్గొట్టే ప్రమాదం ఇక్కడా ఉంది, కొత్తవాళ్లకు చివరి వంతులివ్వడం దానికి మందు. ఇంకోటి, దీన్ని చాలామంది మర్చిపోతారు: వైకల్యం వల్ల ఎస్.ఎస్.ఐ. (ఆదాయం తక్కువున్నవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే నెలభృతి) అందుకునేవాళ్ల దగ్గర నెల మొదటి రోజున 2,000 డాలర్లకు మించి ఉంటే ఆ నెల భృతి పోతుంది. కాబట్టి వాళ్ల వంతు ఒకటో తేదీ దాటగానే ఇస్తే, మళ్లీ ఒకటో తేదీలోగా ఖర్చు పెట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది.

అక్షరబంధు:
డబ్బుతో పాటు రాతప్రతుల సంగతీ వ్యాసంలో చేర్చండి. ఫిలడెల్ఫియా రచయిత జోసెఫ్ బీమ్ 1988లో చనిపోయేనాటికి నల్లజాతి గే రచయితల రెండో సంకలనం సగంలో ఉంది. ఆయన తల్లి డొరొతీ, కవి ఎసెక్స్ హెంఫిల్ కలిసి దాన్ని పూర్తిచేశారు, 1991లో అచ్చయింది. బీమ్ కాగితాలు ఇప్పుడు హార్లెంలోని షాంబర్గ్ కేంద్రంలో (నల్లజాతి చరిత్ర, సంస్కృతుల గ్రంథాలయం) ఉన్నాయి. అలాంటి తల్లి అందరికీ ఉండదు. వీలునామా లేకపోతే అన్నీ చట్టం గుర్తించే కుటుంబానికే వెళ్తాయి, వాళ్లు కాదనుకుంటే చెత్తబుట్టలోకే. అందుకని బృందంలోనివాళ్లు ఒకరికొకరు వీలునామా సాక్షులుగా నిలబడటం కూడా ఆసరాయే. న్యూయార్క్‌లో ఇద్దరు సాక్షులు ఉండాలి. చేత్తో రాసుకుని ఊరికే సంతకం పెడితే చెల్లదు. రాతప్రతులు ఎవరికి రాస్తున్నారో ఆ స్నేహితుణ్ణి మాత్రం సాక్షిగా పెట్టొద్దు, ఆ ఇద్దరిలో అతనొకడైతే అతనికి రాసింది అతనికి దక్కకుండా పోతుంది.