బడి ప్రార్థనలో పాడనంటే పిల్లని బయట నిలబెట్టవచ్చా?

రాజాం_అమ్మ:
మా పాప ఏడో తరగతి. రాజాంలో ప్రైవేటు బడి, గుర్తింపు ఉంది, ఎయిడ్ లేదు. రోజూ అసెంబ్లీలో చేతులు జోడించి సరస్వతి ప్రార్థన పాడాలి. మా ఇంట్లో దేవుడి నమ్మకం లేదు, పాప కూడా పాడనంది. ప్రార్థన అయ్యేదాకా గేటు దగ్గర ఎండలో నిలబెడుతున్నారు. గట్టిగా అడిగితే టీసీ పట్టుకెళ్లమన్నారు. జనగణమన, ప్రతిజ్ఞ మీద మాకే అభ్యంతరం లేదు. ప్రైవేటు బడికి రాజ్యాంగం వర్తిస్తుందా? ఏటి రాసివ్వాలి, ఎవరికివ్వాలి?

నాగావళి_వకీలు:
వర్తిస్తుందండి. మీక్కావలసింది 28(3) అధికరణం. ప్రభుత్వ గుర్తింపు గానీ, ప్రభుత్వ నిధుల సాయం గానీ, రెంటిలో ఏ ఒక్కటున్నా ఆ బడిలో చదివేవారిని మతబోధకు, మతపరమైన ఆరాధనకు బలవంతంగా కూర్చోబెట్టకూడదు. పిల్లలు మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. "మాకు ఎయిడ్ లేదు కదా" అనే జవాబు అందుకే చెల్లదు. ప్రోగ్రెస్ కార్డు మీదో, ఫీజు రసీదు మీదో గుర్తింపు వివరాలు, బడిని గుర్తించే 11 అంకెల యూడైస్ నంబరు ఉంటాయేమో చూసి అవి ఉత్తరంలో రాయండి.

చాలామంది దెబ్బతినేది ఉత్తరం దగ్గరే. "బడిలో ప్రార్థన ఆపించండి" అని రాసేస్తారు. 28(3) కింద మీ పాపను తప్పించమని అడగొచ్చు, మిగతా పిల్లల చేత మాన్పించమని అడగలేరు. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడి అయితే లెక్క వేరు, 28(1) ప్రకారం అక్కడ మతబోధే ఉండకూడదు. మీ ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి: పాప పేరు, తరగతి, "సంరక్షకులుగా మేము సమ్మతి ఇవ్వడం లేదు" అన్న వాక్యం, ప్రార్థన సమయంలో పాప తరగతి గదిలోనో లైబ్రరీలోనో కూర్చుంటుందన్న ప్రతిపాదన. గేటు దగ్గర నిలబెట్టిన సంగతి తేదీలతో విడి పేరాలో రాయండి, ఎందుకంటే అది ఇంకో చట్టం కిందికొస్తుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. టీసీ బెదిరింపుకి జవాబు అదే. మీరుగా టీసీకి అర్జీ మాత్రం పెట్టకండి, పెడితే "వాళ్లే అడిగారు" అంటారు.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నోటిమాటతో ఒప్పుకున్నది హెడ్మాస్టరు మారగానే పోతుంది. వారంలో కదలిక లేకపోతే అదే కాపీ జతచేసి మండల విద్యాశాఖాధికారికి, తర్వాత విజయనగరంలో డీఈవోకి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులోనూ ఇవ్వొచ్చు. హైకోర్టు దాకా వెళ్లాల్సొస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు.

పాలకొండ_మాస్టారు:
పై మాటలకి ఒక హద్దు చెప్పాలి. తెలుగు వాచకంలో పోతన పద్యం ఉందనో, సోషల్‌లో ఇస్లాం పాఠం ఉందనో 28(3) వాడకండి. మతాల గురించి చదవడం వేరు, మతబోధ వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతిజ్ఞలోనూ దేవుడి ఊసు లేదు. దాన్ని 1962లో విశాఖలో ఉండగా రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మాతృభూమి గురించి, సహోదరుల గురించే రాశారు.

అంతరాత్మ స్వేచ్ఛ ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జనగణమన వస్తుంటే మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. బడి వాళ్లని తీసేసింది. మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారి బెంచి వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా అన్నది కోర్టు చూడలేదు, అది నిజాయతీగా పట్టుకున్నదేనా అని చూసింది. పిల్లలు నిలబడ్డారు, ఎవరికీ అడ్డం రాలేదు, అదే వాళ్లని కాపాడింది. మీ పాపకీ అదే చెప్పండి: నవ్వకూడదు, పక్కవాళ్లని ఆటపట్టించకూడదు.

25వ అధికరణం ఈ స్వేచ్ఛను "వ్యక్తులందరికీ" ఇచ్చింది. నమ్మనివాళ్లూ అందులో ఉన్నట్టే. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఆ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడే ఉంటుంది. బడి గంటలో మౌనంగా కూర్చున్న పిల్ల వాటిలో దేనికీ భంగం కలిగించదు.

కళింగ_శాసనం:
చట్టం సరే, దీని వెనకున్న ఆలోచన కూడా మనకి పరాయిది కాదు. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే జౌగడ కొండరాతి మీద అశోకుడి ఏడో శాసనం ఉంది. అన్ని మతశాఖల వాళ్లూ అన్ని చోట్లా ఉండొచ్చంటుంది, అందరూ కోరేది నిగ్రహమూ మనశ్శుద్ధీ కాబట్టి. ఇతర మతాలను నిందించొద్దని చెప్పే 12వ శాసనం కూడా జౌగడలోనే ఉందని కొందరు రాస్తుంటారు. లేదు. ధౌలి, జౌగడల్లో 11, 12, 13 చెక్కించలేదు. అది చదవాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్లాలి. 1689లో ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ ఇంకో వైపు నుంచి వచ్చాడు: బలవంతం పెదవులని కదిలిస్తుంది గానీ నమ్మకాన్ని పుట్టించలేదు. పాప చేతులు జోడింపజేసి ఆ బడి సాధించేది ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం.

రాజాం_అమ్మ:
అందరికీ దండాలు. రెండు సందేహాలు. మా చిన్నోడు మిషన్ బడిలో ఉన్నాడు, అక్కడ బైబిల్ క్లాసుకి కూడా ఇదే ఉత్తరం సరిపోతుందా? నేనొక్కదాన్నే సంతకం పెడితే చాలా?

నాగావళి_వకీలు:
28(3) మిషన్ బడిలాంటి మైనారిటీ బడికీ వర్తిస్తుంది, ఆ భాగం అలాగే ఉంచండి. సెక్షన్ 16, 17 పేరాలు మాత్రం తీసేయండి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు మైనారిటీ విద్యాసంస్థలని విద్యాహక్కు చట్టం నుంచి తప్పించింది. అవి పెడితే వాళ్ల వకీలు ఆ ఒక్కటే పట్టుకుని ఉత్తరం మొత్తాన్ని కొట్టిపారేస్తాడు.

సంతకం మీ ఇద్దరిదీ పెట్టండమ్మా. తల్లి సంతకం చెల్లదని కాదు, "తండ్రికి ఇష్టమేనా" అని వారం సాగదీసే అవకాశం ఇవ్వొద్దని. కింద పాప చేత కూడా తన సొంత మాటల్లో ఒక వాక్యం రాయించండి.