అప్‌డేట్: ఎండుగడ్డి ముట్టని కుందేలు

రెండు కిలోల కుందేలు ఎండుగడ్డి వదిలేసి పెల్లెట్లే (గుళికల మేత) తింటోంది, రాత్రిళ్లు బోను కమ్మీలు కొరుకుతోంది అని అడిగాను కదా, రెండూ దారికొచ్చాయి. పెల్లెట్లతో కడుపు నిండితే గడ్డి జోలికి ఎందుకెళ్తుంది! పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ రోజుకు 50 గ్రాములకు తెచ్చాం. గడ్డి మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే. జీవితాంతం పెరిగే పళ్లు అరగాలంటే అదే దిక్కు. గడ్డి బుట్ట లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే పళ్లెం) పక్కనే పెట్టండి, కుందేళ్లు అక్కడే కూర్చుని నమలడానికి ఇష్టపడతాయి.

ఆటకి టిష్యూ రోల్ అట్టగొట్టం చాలు: జిగురు, టేపు పీకేసి, గడ్డి కుక్కి, మధ్యలో నాలుగు పెల్లెట్లు దాచాలి. లాగి, చింపి, వెతుక్కునే పనిలో పడితే కమ్మీల ఊసే ఉండదు.

పెంటికలు ఇప్పుడు పెద్దవిగా, గుండ్రంగా, పీచుతో పడుతున్నాయి. అవి చిన్నబడినా, 12 గంటలు ఏమీ తినకపోయినా వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికే.