రెండు క్రోమోజోము పరీక్షలు: కేరియోటైప్ నార్మల్, ఫిష్ పాజిటివ్. ఏది నమ్మాలి?

ప్రొద్దుటూరు అమ్మాయి:
మా నాయన మగ్గం నేస్తాడు, 52 ఏళ్లు. సంక్రాంతి నుంచి జ్వరం విడవలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. కడపలో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 18 వేలు, బ్లాస్ట్ కణాలు (ముదరని రక్తకణాలు) ఉన్నాయన్నారు. బెంగళూరు తీసుకుపోయాం. బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్షలో బి-సెల్ ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేలింది.

నిన్న రెండు రిపోర్టులు వచ్చాయి. ఫిష్‌లో బీసీఆర్-ఏబీఎల్1 (రెండు జన్యువులు అతుక్కోవడం, దీన్నే ఫిలడెల్ఫియా పాజిటివ్ అంటారట) పాజిటివ్, 200 కణాల్లో 164. కేరియోటైప్‌లో 46 ఎక్స్‌వై, నార్మల్. 20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఉన్న కణాలు) చూడాలట, దొరికినవి 9. నార్మల్ అన్న మాట విని మా అమ్మ దేవుని ముందర దీపం పెట్టింది. నేనేమో ఫిలడెల్ఫియా పాజిటివ్ అంటే చాలా చెడ్డదని నెట్‌లో చదివి రాత్రంతా నిద్రపోలేదు. డాక్టర్ గారిని కలిసేది సోమవారం.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మొదట తీసిన మ్యారో మొత్తం పర్పుల్ మూత ట్యూబుల్లోనే పంపారట. కల్చర్‌కు (ల్యాబ్‌లో కణాలు పెంచడానికి) పనికిరాదని మళ్లీ ఎముకలో సూది గుచ్చారు. నాయన అరవలేదు, నా వేళ్లు పట్టుకుని నలిపేశాడు.

అనంతపురం ల్యాబ్:
చెల్లెమ్మా, నేను 11 ఏళ్లుగా క్రోమోజోముల పరీక్షలే చేస్తున్నాను. మీ రెండు రిపోర్టులూ నిజమే.

కేరియోటైప్‌కు విభజన జరుగుతున్న కణమే కావాలి. కల్చర్‌లో పెంచి, విభజన మధ్యలో ఆపి, రంగు పట్టించి చూస్తాం. ఏఎల్ఎల్ బ్లాస్టులు కల్చర్‌లో చాలాసార్లు మొండికేస్తాయి, పక్కనున్న మంచి కణాలు పెరుగుతాయి. ఆ తొమ్మిదీ బహుశా అవే. ఫిష్‌కు విభజన అక్కర్లేదు. 9వ క్రోమోజోము జన్యువుకు ఎరుపు, 22వ దానికి ఆకుపచ్చ వెలుగు పెడతాం. రెండూ కలిసి పసుపుగా కనిపిస్తే ఆ ముక్కలు అతుక్కున్నట్టు. చీకటి గదిలో ఒక్కో కణం లెక్కపెడతాం. 164 పొరపాటున వచ్చే అంకె కాదు. అయితే ఫిష్ అడిగిన చోటే చూస్తుంది, మిగతా క్రోమోజోముల సంగతి చెప్పదు. అందుకే రెండూ చేయిస్తారు.

ట్యూబు తప్పు చాలా చోట్ల చూశాను, ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. కేరియోటైప్‌కు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ఉన్న ఆకుపచ్చ మూత, జన్యువుల అతుకును కొలిచే పీసీఆర్‌కు పర్పుల్ మూత. హెపారిన్ పీసీఆర్‌ను చెడగొడుతుంది. ఈసారి సూది గుచ్చకముందే ఏ పరీక్షకు ఏ ట్యూబో అడగండి. సోమవారం పీసీఆర్‌లో అతుకు ఏ రకమో, పి190 వచ్చిందా, పి210 వచ్చిందా కూడా కనుక్కోండి. మందు పనిచేస్తోందా లేదా అని ముందుముందు దాన్నే కొలుస్తారు.

ఆదోని నుంచి:
అమ్మా, నా భార్యకు 2019లో ఇదే జబ్బు. నువ్వు చదివినవి పాత లెక్కలు. ఇమాటినిబ్ లాంటి మాత్రలు రాకముందు ఇది పెద్దవాళ్లలో అన్నిటికంటే మొండి రకం, నిజమే. పెద్దవాళ్ల ఏఎల్ఎల్‌లో ఇంచుమించు నాలుగో వంతు ఇదే. ఇప్పుడు సరిగ్గా ఆ అతుకును పట్టే మాత్ర ఉంది. మొదటి రిపోర్టు కంటే మందుకు కణాలు ఎంత తగ్గాయన్నదే ఎక్కువ చెబుతుంది. అలా మిగిలిన కణాలను కొలిచే పరీక్షను ఎంఆర్‌డీ అంటారు. మా ఆవిడకు మొదటి నెల ఇంకా మిగిలి ఉంది, మూడో నెలకు నెగటివ్. ఈ రోజు పొద్దున కూడా రొట్టెలు తనే కాల్చింది.

ఆ రకం మాత్రే అయిన డాసాటినిబ్ ఇస్తే డాక్టర్‌ను అడగకుండా గ్యాస్ మాత్ర వేయొద్దు. కడుపులో ఆమ్లం తగ్గితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. మనిళ్లలో గ్యాస్ మాత్ర మరీ అలవాటు, అందుకే చెబుతున్నా.

ప్రొద్దుటూరు అమ్మాయి:
అన్నా, ఇద్దరికీ దండాలు. ఈరోజు కలిశాం. పి190 అన్నారు. రేపటి నుంచి డాసాటినిబ్. పాత చీటీలో గ్యాస్ మాత్ర ఉంటే చూపించాను, డాక్టర్ గారు కొట్టేశారు.

నార్మల్ అంటే ఏమిటో అమ్మకు నేనే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నెలకు చేస్తారే, ఆ పరీక్ష పేరేంది?" అని అడిగి, క్యాలెండర్‌లో నాతో రాయించుకుంది.