మేం ఏ పాజిటివ్, బీ పాజిటివ్. పాపకి ఓ నెగెటివ్ ఎలా వచ్చింది?

వెన్నెల_అమ్మ:
నాది ఏ పాజిటివ్, మావారిది బీ పాజిటివ్. పాపకి ఎనిమిది నెలలు. మొన్న వేరే టెస్టుతో పాటు బ్లడ్ గ్రూప్ కూడా చూస్తే ఓ నెగెటివ్ అని వచ్చింది, పుట్టినప్పుడు రాసిందీ అదే గానీ అప్పుడు పట్టించుకోలేదు. మా ఇద్దరిలో ఓ లేదు, నెగెటివ్ లేదు, మరి పాపకి రెండూ ఎక్కడినుంచి వచ్చినట్టు? బంధువుల్లో ఒకరు "ఆసుపత్రిలో పిల్లలు మారిపోలేదు కదా" అనేశారు, అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. తెలిసినవాళ్లు అర్థమయ్యేలా చెప్పండి.

జీవశాస్త్రం_టీచర్:
ముందు టెన్షన్ పక్కన పెట్టండి, ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదండీ. ప్రతి ఒక్కరిలో ఏ, బీ, ఓ గ్రూపును నిర్ణయించే జన్యువు రెండు కాపీలుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రిపోర్టులో ఏ అని ఉందంటే మీలో కనీసం ఒక ఏ కాపీ ఉందని మాత్రమే అర్థం, రెండోది ఓ అయ్యుండొచ్చు, ఆ సంగతి మామూలు టెస్టు చెప్పదు. మీలో ఏ, ఓ, ఆయనలో బీ, ఓ ఉంటే పిల్లలకి ఏబీ, ఏ, బీ, ఓ నాలుగింటిలో ఏదైనా రావచ్చు, ఒక్కోదానికి నాలుగింట ఒక వంతు అవకాశం.

ఓ కాపీ ఏ పక్కన ఎందుకు కనబడదు అన్నదే అసలు విషయం. ఈ జన్యువు ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది, ఆ ఎంజైము ఎర్రరక్తకణం మీద ఒక చక్కెర అణువును తగిలిస్తుంది. ఏ రకం ఒక చక్కెరను తగిలిస్తే బీ రకం ఇంకోదాన్ని. ఓ కాపీల్లో బాగా ఎక్కువగా కనిపించే రకంలో డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయి ఉంటుంది, దాంతో అక్కడినుంచి వరసంతా తప్పి, తయారైన ఎంజైము పనిచేయదు. పక్కన ఏ కాపీ ఉంటే అది తన పని తాను చేసేస్తుంది కాబట్టి గ్రూప్ ఏ అనే తేలుతుంది. ఓ కాపీ ఎక్కడికీ పోదు, చెక్కుచెదరకుండా పిల్లలకి చేరుతుంది. నెగెటివ్ కూడా అంతే, పాజిటివ్ రావడానికి కారణమైన ఆర్‌హెచ్‌డీ అనే జన్యువే చాలామంది నెగెటివ్ వాళ్లలో ఉండదు, అది లేని కాపీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డ నెగెటివ్ అవుతుంది.

బఠాణీ_గింజ:
బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసిన మెండెల్ 1866లో అచ్చువేసిన లెక్కలు చూడండి, ఎంత హాయిగా అర్థమవుతుందో. గుండ్రటి గింజల బఠాణీకి ముడతల గింజల బఠాణీతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. వాటిని వాటితోనే ఫలదీకరణ జరగనిస్తే తర్వాతి తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అంటే ఒక తరమంతా కనబడకుండా పోయిన లక్షణం మళ్లీ దాదాపు నాలుగింట ఒక వంతులో తేలింది. మీ పాప విషయంలో జరిగిందీ ఇదే.

ల్యాబ్_నైట్‌డ్యూటీ:
టీచర్ గారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి, బ్లడ్ గ్రూప్ చూసి "ఈ బిడ్డ వీళ్లదే" అని ఎవరూ రుజువు చేయలేరు, కొన్ని సందర్భాల్లో "కాకపోవచ్చు" అని మాత్రం అనొచ్చు, అందులోనూ మినహాయింపులున్నాయి. 1952లో బొంబాయిలో గుర్తించిన అరుదైన గ్రూపు అలాంటిదే, ఏ లేదా బీ జన్యువు ఉన్నా మామూలు టెస్టులో ఓ లాగా కనబడతారు. మీ కేసు అంత దూరం పోదు. మీ రెండువైపులా పెద్దవాళ్ల గ్రూపులు ఒకసారి కనుక్కోండి.

వెన్నెల_అమ్మ:
కనుక్కున్నాను! మా అమ్మది ఓ నెగెటివ్, మామయ్యగారిది ఓ పాజిటివ్. అత్తయ్యగారిది తెలియదు. మరి మళ్లీ బిడ్డ పుడితే?

జీవశాస్త్రం_టీచర్:
ఇంకేం, దొరికిపోయింది. ఓ నెగెటివ్ ఉన్న అమ్మ మీకు ఇవ్వగలిగింది ఓ కాపీ, నెగెటివ్ కాపీ మాత్రమే, కాబట్టి మీలో ఆ రెండూ ఉండి తీరాలి. మామయ్యగారి నుంచి మీవారికి ఓ వచ్చింది. ఆయనలో నెగెటివ్ కాపీ ఉందని పాప రిపోర్టే చెబుతోంది. గ్రూపు జన్యువు 9వ క్రోమోజోము మీద, ఆర్‌హెచ్‌డీ 1వ దాని మీద ఉంటాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయి. ఓకి నాలుగింట ఒకటి, నెగెటివ్‌కి నాలుగింట ఒకటి, అందుకే రెండూ కలిసి ఓ నెగెటివ్‌కి అవకాశం పదహారింట ఒకటి. తర్వాతి బిడ్డకీ అదే లెక్క, మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తగ్గడం, పెరగడం ఉండదు.

ల్యాబ్_నైట్‌డ్యూటీ:
ఆరోగ్యపరంగా పాపకి ఏ లోటూ లేదు. ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే ఓ నెగెటివే కావాలి, అది అంత తేలిగ్గా దొరకదు, కాబట్టి గ్రూపు అందరికీ తెలిసేలా రాసిపెట్టుకోండి. మీరు పాజిటివ్ కనుక, నెగెటివ్ తల్లులకి గర్భం విషయంలో ఇచ్చే యాంటీ-డీ ఇంజెక్షన్ మీకు అవసరం రాదు. పాప పెద్దయ్యి గర్భవతి అయినప్పుడు మాత్రం తాను నెగెటివ్ అన్న సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.