విశాఖ నుంచి జర్మనీకి లాబ్రడార్: చిప్ ముందా, టీకా ముందా?

సీతమ్మధార_లక్ష్మి
మా వారు సెప్టెంబరులో మ్యూనిక్ వెళ్తున్నారు. నేనూ మా లాబ్రడారూ (3 ఏళ్లు, 31 కిలోలు) వెనకాల వెళ్లాలి. మార్చిలో రేబిస్ టీకా వేయించాం, పుస్తకంలో స్టిక్కర్ ఉంది. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ మాత్రం లేదు. ఇప్పుడు వేయిస్తే ఆ టీకా చెల్లుతుందా? ఇక్కడ క్వారంటైన్ ఆఫీసు లేదంటున్నారు, మరి ఎక్కడికి వెళ్లాలి? దయచేసి తెలిసినవారు చెప్పండి.

పెంపుడు_ప్రయాణం
చెల్లదండి. యూరప్ నిబంధన ప్రకారం చిప్ వేసిన రోజునో, ఆ తర్వాతో పడిన టీకానే లెక్కలోకి వస్తుంది. మార్చి టీకాను మర్చిపోండి. చాలామంది ఇక్కడే 3 నెలలు పోగొట్టుకుంటారు.

వరుస ఇదీ. ముందు 15 అంకెల ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) మైక్రోచిప్. వేసిన వెంటనే డాక్టరుగారి రీడర్‌తో చదివించి, తెరమీద కనిపించే నంబరును పుస్తకంలో ఎక్కించిన దానితో అంకె అంకె సరిచూసుకోండి. 6కీ 8కీ తేడా వచ్చిందంటే కాగితాలన్నీ వేరే కుక్కవైపోతాయి. అదే రోజు రేబిస్ టీకా వేయించి బ్యాచ్ నంబరు, తేదీ, గడువు రాయించండి.

టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి టైటర్ టెస్టుకు, అంటే రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్షకు, రక్తం తీయించాలి. మిల్లీలీటరుకు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకు మించి రావాలి. పరీక్ష యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబులోనే జరగాలి. రక్తం తీసిన తేదీ నుంచి 3 నెలలు పూర్తయ్యాకే ప్రవేశం. రిపోర్టు వచ్చిన తేదీ నుంచి కాదు. ఉదాహరణకి జూన్ 10న చిప్, టీకా. జూలై 12న రక్తం. అంటే అక్టోబరు 12 తర్వాతే విమానం. దానికి ముందు తేదీకి టికెట్ కొనకండి.

ఇంకొకటి. బూస్టరు (మళ్లీ వేయించే రేబిస్ టీకా) గడువు ఒక్క రోజు దాటినా టైటర్ చెల్లదు, మళ్లీ మొదటికి వస్తుంది. సరిగ్గా కొనసాగిస్తే ఆ టెస్టు జీవితాంతం పనికొస్తుంది.

వెటర్నరీ_సహాయకుడు
రక్తం గురించి ఒక మాట. మన ఎండకి, ఉక్కకి ట్యూబు బండి డిక్కీలో అరగంట ఉన్నా చెడిపోవచ్చు. కణాలు పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఎర్రబడిందంటే ల్యాబు వెనక్కి పంపేస్తుంది. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గడ్డి రంగు సీరం వేరే ట్యూబులో తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి, చల్లగానే పంపాలి. రక్తం తీయించే ముందు రాత్రి నుంచి తిండి పెట్టకండి, కొవ్వెక్కిన సీరం కూడా ఇబ్బందే. ట్యూబు మీద చిప్ నంబరు రాయించడం మర్చిపోకండి.

బీచ్‌రోడ్_వాకర్
క్వారంటైన్ ఆఫీసు సంగతి: ఏక్యూసీఎస్ (కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం) స్టేషన్లు ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. మనకి హైదరాబాదే దారి. డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టీకా పుస్తకం, టైటర్ రిపోర్టు, పాస్‌పోర్టు, టికెట్ నకళ్లతో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. యూరప్ అడిగే ఆరోగ్య ధ్రువపత్రం ఫారం మీద హైదరాబాదు అధికారి సంతకం చేసి ముద్ర వేస్తారు. సంతకం తేదీ నుంచి 10 రోజుల్లోపు యూరప్‌లో దిగాలి. కాబట్టి ముందుగా పోయి కూర్చుంటే ప్రయోజనం లేదు.

విశాఖ నుంచి రోడ్డు దాదాపు 620 కిలోమీటర్లు. కారులో అయితే రాత్రి పూట బయలుదేరండి, వేసవి కాకపోయినా పగటి వేడి ఎక్కువే. రైలైతే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరున ఉండాలి. పార్సెల్ ఆఫీసులో కుక్క బుకింగ్ విడిగా చేయించాలి. కూపే దక్కకపోతే గార్డు దగ్గరి డబ్బాలో పెట్టాల్సి వస్తుంది, నేనైతే దానికి ఒప్పుకోను.

పెంపుడు_ప్రయాణం
విమానంలో కుక్కను పెట్టే క్రేట్ ఈ నెలే కొనండి. ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) లెక్క: ముక్కు నుంచి తోక మొదలు వరకు పొడవుకు మోచేతి ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు, భుజాల వెడల్పుకు రెట్టింపు వెడల్పు, నిలబడ్డప్పుడు తల లేదా చెవి కొస, ఏది ఎత్తైతే అంత, ఆపైన పరుపు మందం. మీ వాడు 85 సెం.మీ. పొడవు, మోచేయి 30, భుజాలు 25, తల 68 అనుకుంటే 100 పొడవు, 50 వెడల్పు, 68 పైన పరుపు ఎత్తు. లోపల తిరగగలగాలి, నిలబడగలగాలి. ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసి ఇనుప బోల్టులు బిగించండి, చక్రాలు తీసేయండి, గాలి నాలుగు వైపులా రావాలి. నీళ్ల గిన్నె తలుపు తెరవకుండా బయటి నుంచి నింపేలా ఉండాలి. బయలుదేరే ముందు గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలకవు.

రోజూ అన్నం ఆ క్రేట్‌లోనే పెట్టండి, తలుపు కొంచెం కొంచెంగా ఎక్కువసేపు మూయండి. మత్తు మందు మాత్రం వద్దు. గాల్లో ఉండగా ఊపిరి, రక్తపోటు పడిపోవచ్చు, విమాన సంస్థలూ తీసుకోవు.

సీతమ్మధార_లక్ష్మి
మా వారు ముందు వెళ్లిపోతే ఇబ్బంది ఉందా?

పెంపుడు_ప్రయాణం
కాగితాల్లో యజమానిగా మీ పేరే రాయించండి, మీతోనే వస్తుంది కాబట్టి చిక్కు లేదు. ఆయన పేరు పెడితే, ఆయన ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య 5 రోజులకు మించితే వాణిజ్య రవాణా నిబంధనలు పడతాయి. మ్యూనిక్‌లో దిగాక కస్టమ్స్ వాళ్ల ఎరుపు దారిలోకి వెళ్లి, కాగితాలు చూపించి, చిప్ చదివించుకోండి. ఇల్లు కుదిరాక మున్సిపల్ ఆఫీసులో కుక్క పన్నుకు నమోదు చేయించండి.