ముందు బండికి గొర్రెలు తగిలితే వెనక బండి ఎందుకు ఆగాలి?

సుజాత, నల్గొండ

నిన్న ఉదయం నాన్నగారిని హైదరాబాదులో గుండె డాక్టరుకు చూపించాలని రైల్లో బయలుదేరాం. చిట్యాల దాటి రామన్నపేటలో బండి ఆగింది, గంట దాటినా కదల్లేదు. ముందు వెళ్లిన గూడ్సు వలిగొండకు ఇవతల గొర్రెల మందను ఢీకొట్టిందని, కాపరి తప్పించుకున్నాడని ప్లాట్‌ఫాం మీద చెప్పుకున్నారు. మనిషి బతికినందుకు సంతోషమే. మేము చేరేసరికి డాక్టరు వెళ్లిపోయారు. డెబ్బై దాటిన మనిషి ఆ ఎండలో ఆయాసపడుతూ కూర్చోవడం చూస్తే నా కడుపు తరుక్కుపోయింది.

గొర్రెలు తగిలింది వేరే బండికి కదా, మాదాన్ని నెమ్మదిగానైనా పోనివ్వకూడదా? ఎంతసేపు పడుతుందో ఎవరూ ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే దిగి బస్సు పట్టుకునేవాళ్లం. పట్టాల మీదికి మందను తోలేవారిని జైల్లో పెడితే తప్ప ఇది ఆగదని నా నమ్మకం.

విశ్రాంత స్టేషన్ మాస్టర్, మిర్యాలగూడ

అమ్మా, నాన్నగారి ఆరోగ్యం జాగ్రత్త. మనది ఇంకా సింగిల్ లైను. బీబీనగర్–గుంటూరు రెండో లైను మంజూరైంది కానీ పూర్తి కావాలి. రామన్నపేట నుంచి వలిగొండ వరకు ఉన్న పట్టా మీద ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. ముందు బండి వలిగొండ చేరిందని తేలేవరకు మీ బండికి లైన్ క్లియర్, అంటే ముందుకు వెళ్లే అనుమతి, దొరకదు. నెమ్మదిగా పోనివ్వడం మామూలుగా కుదరదు. ఆ నియమమే మిమ్మల్ని ముందు బండిని గుద్దుకోకుండా కాపాడుతుంది.

ఇక ఎంతసేపనేది. బండి పొడవునా బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఉంటుంది. జంతువు తగిలి రబ్బరు గొట్టం ఊడితే గాలి పోతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి. అప్పుడు ఇంజను నడిపే లోకో పైలట్లలో ఒకరు దిగి, చక్రాల మధ్య ఇరుక్కున్న కళేబరాలను లాగి, గొట్టం మార్చాలి. గూడ్సు అంటే అర కిలోమీటరుకు పైగా పొడవు, కంకర మీద నడక. గొట్టం ఒక్కటే పోయిందా, ఇంకేమైనా విరిగిందా అన్నది అక్కడి మనిషి కళ్లతో చూస్తే తప్ప తెలియదు. ఇంజనే చెడితే వేరే ఇంజను రావాలి. ఒక్కోసారి వెనక ఆగి ఉన్న బండి ఇంజనునే విడదీసి పంపుతారు. దారి తెరుచుకున్నాక కూడా వలిగొండలో ఎదురుబండి కాచుకుని ఉంటే దాన్ని ముందు వదలవచ్చు. అందుకే స్టేషన్లో ఉన్నవారు గంట అనో అరగంట అనో చెప్పడానికి వెనకాడతారు. అయినా, కారణమైనా మైకులో చెప్పి ఉండాల్సింది. ఆ విషయంలో మీ కోపం న్యాయమే.

కాపరి కొడుకు, దేవరకద్ర

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ జైలు మాట దగ్గర నేను మాట్లాడాలి, మాది కురుమల ఇల్లు.

వానాకాలంలో ఎటు చూసినా పత్తి, వరి. చేలో ఒక్క జీవం అడుగు పెడితే ఊరంతా తగాదా. మిగిలేవి రోడ్డు పక్కలు, చెరువు శిఖం, రైలు కట్ట. కట్ట మీద పచ్చగడ్డి బాగా వస్తుంది. 2017లో ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా పంచింది. మందలు పెరిగాయి, మేపే నేల పెరగలేదు. మా దగ్గర రైల్వే గేటు తీసేసి అండర్‌పాస్ కట్టారు. వాన పడితే అందులో నడుము లోతు నీళ్లు. గొర్రె ఆ నీళ్లలోకి దిగదు, ఎంత తోలినా దిగదు. అప్పుడు కట్ట ఎక్కించక తప్పదు.

డీజిల్ ఇంజను మోత దూరం నుంచే వినిపించేదని నాన్న అంటాడు. కరెంటు బండి దగ్గరకొచ్చేదాకా తెలియడం లేదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదికి అక్రమంగా వస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక్క గొర్రె పోయినా ఆ వెయ్యికి ఎన్నో రెట్ల నష్టం, పరిహారం రాదు. అంత నష్టానికి కూడా ఆగడం లేదంటే వేరే దారి లేదనే కదా!

సుజాత, నల్గొండ

తమ్ముడూ, అండర్‌పాస్ సంగతి నాకు తెలియదు. రామన్నపేట వైపు కూడా అలాంటిదే కారణమా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. అయినా, గంటకు 110 కిలోమీటర్లతో వచ్చే బండి ముందుకు మనిషిని, మందను పంపడం మాత్రం నేను ఒప్పుకోలేను. ఎవరికి, ఏమని రాయాలో చెబితే రాస్తాను.

విశ్రాంత స్టేషన్ మాస్టర్, మిర్యాలగూడ

ఒప్పుకోవద్దు కూడా. ఆ వేగంలో బండి సెకనుకు ముప్పై మీటర్లు వస్తుంది. పైలట్ చూసి బ్రేకు వేసినా ఆగేసరికి చాలా దూరం పోతుంది.

దేవరకద్ర హైదరాబాదు రైల్వే డివిజను కింద ఉంది. నల్గొండ లైను ఏ డివిజను కింద ఉందో స్టేషన్లో అడగండి. అక్కడి డివిజనల్ మేనేజరుకు రాయండి, ఒక ప్రతి కలెక్టరుకు ఇవ్వండి. అండర్‌పాస్‌కు వచ్చే దారి, కాలువ తరచుగా పంచాయతీ పరిధిలో ఉంటాయి. ఊరి పేరు ఒక్కటే రాస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. పట్టాల పక్క కరెంటు స్తంభాల మీద కిలోమీటరు, స్తంభం నంబరు రాసి ఉంటాయి. కట్ట ఎక్కకుండా, అండర్‌పాస్ దగ్గర నుంచే చదివి రాసుకోండి. నీళ్లు నిలిచిన రోజు ఫోటో, తేదీ జతచేయండి. మంద పట్టాల మీద కనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేసి అదే స్తంభం నంబరు చెప్పండి.

కాపరి కొడుకు, దేవరకద్ర

మా అండర్‌పాస్ ఫోటోలు పోయిన వానలప్పటివి ఫోనులో ఉన్నాయి. స్తంభం నంబరు ఆదివారం ఊరికి వెళ్లి చూసి ఇక్కడ పెడతాను.